ఏజెంట్ చేప ఈత పరీక్ష

"ఈత రానివాణ్ణి నీళ్ళలోకి తోస్తున్నారు చీఫ్," అన్నాడు ఏజెంట్ చేప. సముద్రం పేరెత్తితేనే చెమటలు పట్టే మనిషికి ఆ కోడ్‌నేమ్ పెట్టడం డిపార్ట్‌మెంట్ వారి హాస్యం.

"ఈత వచ్చిన ఏజెంట్లు ముగ్గురూ శవాలై తేలారు. ఇక మిగిలింది నువ్వే," అన్నాడు చీఫ్. ఆయన గొంతులో ఏ ఆశా లేదు. "ఆ స్కూబా స్కూల్లో చేరినవాళ్ళలో ఒకరు విదేశీ ముఠా మనిషి. నెల రోజుల తర్వాత హార్బర్‌లో స్నార్కెల్ టెస్ట్. ప్రయాణికుల ఫెర్రీ పక్కనే. అప్పుడే బాంబు పెడతారు. ఇనుముకు అతుక్కుంటేనే పేలే రకం. నువ్వూ చేరి ఆ మనిషెవరో కనిపెట్టు. ముత్యం సాయం చేస్తుంది."

ముత్యం ఆ ముఠాను వదిలి ఇటు వచ్చిన డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే ఎవరైనా ఒక్క క్షణం డ్యూటీ మరిచిపోతారు. చేపకు ఆ నెల రోజులూ గుర్తే లేదు. ఆమెకూ ఈత రాదట. ఇద్దరూ స్విమ్మింగ్ పూల్ అంచు పట్టుకుని కాళ్ళు కొట్టుకుంటూ, ఒకరి భయం చూసి ఒకరు ధైర్యం తెచ్చుకునేవారు.

టెస్ట్ రోజు జెట్టీ మీద కోచ్ విసుగ్గా చెప్పాడు.

"మూడు వందల మీటర్లు. మొహం నీళ్ళలో, ఊపిరి స్నార్కెల్‌తో. గొట్టంలోకి నీళ్ళొస్తే గట్టిగా ఒక్క ఊదు ఊదండి. మునిగిపోతున్నారా, బరువుల బెల్ట్ బకిల్ లాగి పారెయ్యండి. ఇది మరిచిపోతే మిమ్మల్ని దేవుడు కూడా పాస్ చెయ్యలేడు."

ఫెర్రీ రెయిలింగ్ దగ్గర పిల్లలు చేతులూపారు. సగం దూరానికే చేప పని అయిపోయింది. ఇంతలో ఒక పెద్ద అల అందరి స్నార్కెళ్ళనూ ముంచేసింది. అందరూ తలలెత్తి దగ్గారు. ముత్యం మాత్రం తలెత్తలేదు. ఫట్‌మని ఒక్క ఊదు. నీళ్ళు పైకి చిమ్మాయి. ఏళ్ళ తరబడి అలవాటున్నవాళ్ళ ఊదు అది.

ఈత రాదన్నది అబద్ధమని చేపకు అర్థమైంది.

ఆమె చప్పున ఫెర్రీ వైపు మళ్ళింది. నడుముకున్న బెల్ట్‌లో ఒక బరువు మిగతావాటికంటే లావుగా ఉంది, అదే బాంబు. చేప చచ్చీచెడీ ఆమె కాలు అందుకున్నాడు. ఇద్దరూ మునిగారు. అతనికి ఒక్క లాగుకే సత్తువ మిగిలింది. తన బకిల్ లాగితే తాను తేలతాడు. ఆమెది లాగాడు. ఫెర్రీ ఇనుప పొట్టకు జానెడు దూరంలో బెల్ట్ జారి, అడుగున బురదలో కూరుకుపోయింది.

కళ్ళు తెరిచేసరికి జెట్టీ మీద ఉన్నాడు. ముత్యం చేతులకు బేడీలు.

"నీ బెల్ట్ లాగి ఉంటే హాయిగా తేలేవాడివిగా పిచ్చోడా," అంది. "నేను పోతే ఇంకొకరు వస్తారు."

నెల రోజుల్లో ఆమె చెప్పిన నిజం ఇదొక్కటే అనిపించి అతనికి ఏడుపొచ్చింది. అంతలో చీఫ్ ఫోన్. ఇంకో ఫెర్రీకి బెదిరింపు వచ్చిందట. వచ్చే బ్యాచ్‌లోనూ అతనే చేరాలట.

కోచ్ తడి బట్టలు పిండుకుంటూ వచ్చాడు.

"ఎవరి బెల్ట్ లాగమన్నాను, ఎవరిది లాగారు సార్? ఫెయిల్."