గరికపాడులో ఆగిన లారీ

"జాయిస్ మనల్ని అమ్మేసింది," అన్నారు వీడియో కాల్‌లో చీఫ్ బాలసుబ్రహ్మణ్యం.

నందిగామ లాడ్జి గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్న ఏజెంట్ సర్ఫరాజ్‌కి ఒళ్లు మండింది. డ్రగ్స్ ముఠాలోకి జాయిస్‌ని పంపింది తనే. పట్టుచీరలు, నల్లకళ్లద్దాలతో ముఠా నాయకుడి పక్కన తిరుగుతూ, వాళ్ల మనిషిలా నటిస్తూ, ఇన్నాళ్లూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వార్తలు పంపింది. ఇప్పుడు ఉన్నట్టుండి ఆమె నుంచి కబురు ఆగిపోయింది.

"అమ్మేసే మనిషి కాదు సార్. దొరికిపోయి ఉంటుంది."

"కొలంబో రేవులో మూడు షిప్పులున్నాయి. సరుకు ఎందులో ఉందో ఆమెకే తెలుసు. శ్రీలంక, థాయిలాండ్, దుబాయ్ టీములు లైన్లో ఉన్నాయి. పదకొండింటికి షిప్పులు కదులుతాయి. పేరు రాకపోతే ఆపరేషన్ క్యాన్సిల్."

"మరి జాయిస్?"

చీఫ్ వీడియో ఆపేశారు.

ఆమె చెవికమ్మలోని ట్రాకర్ జగ్గయ్యపేట దాటి, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర మూగబోయింది. సర్ఫరాజ్ అక్కడ లుంగీ కట్టి, టీ ఫ్లాస్కుతో దిగాడు. మెడలో తువ్వాలు, దాని మడతలో మైకు, చెవిలో ఇయర్‌ఫోన్. రోడ్డు పొడుగునా గుంటూరు నుంచి ఢిల్లీ వెళ్లే ఎండుమిర్చి లారీలు. పోలీసు కుక్క ఆ ఘాటుకి ముక్కు నేలకి రాసుకుని మూలిగింది.

"లారీలన్నీ ఆపించండి సార్!" అన్నాడు మైకులో చీఫ్‌తో.

"ఆపితే ముఠాకి తెలిసిపోతుంది. ఆమెను అక్కడే చంపేస్తారు."

టీ, టీ అంటూ ప్రతి కేబిన్‌లోకీ తొంగిచూశాడు. ఎక్కడా ఆనవాలు లేదు. ఇంతలో గేటు ఎత్తారు. లారీలు ఒక్కొక్కటే తెలంగాణలోకి వెళ్లిపోతున్నాయి. చేజేతులా ఆమెను చంపుకున్నాననుకున్నాడు సర్ఫరాజ్. ఏడుపొచ్చింది.

అప్పుడే స్టార్టయిన ఒక లారీ ఆగిపోయింది. డ్రైవర్ కిషోర్‌బాబు ఇంజన్ ఆపి కిందికి దిగాడు. రెండు గుక్కల నీళ్లు తాగి, టైరు పక్కన కూర్చున్నాడు.

"ఏం అన్నా, ఆగిపోయావు?"

"బయల్దేరుతుంటే ఒంటి తుమ్ము వినపడిందయ్యా. కాసేపాగి పోతా."

టీ పోస్తున్న సర్ఫరాజ్ చెయ్యి ఆగింది. "నువ్వు తుమ్మావా?"

"నేనెందుకు తుమ్ముతా? వెనకాల..."

మాట నోట్లోనే ఉండిపోయింది. కేబిన్‌లో క్లీనర్ లేడు. వెనకాల ఉన్నవి మిర్చి బస్తాలు.

కిషోర్‌బాబు చెయ్యి నడుము దగ్గరి కత్తి మీదికి పోయింది. అది తీసేలోపే వేడి టీ వాడి ఒళ్లో పడింది. ఫ్లాస్కు అడుగు తిప్పితే సర్ఫరాజ్ చేతిలోకి పిస్తోలొచ్చింది.

పరదా కోసి, బస్తాలు లాగితే మధ్యలో జాయిస్! కట్టేసిన చేతులు, నోటికి ప్లాస్టరు, చింతనిప్పుల్లాంటి కళ్లు. ప్లాస్టరు పీకగానే తువ్వాలు దగ్గరికి మొహం వంచింది.

"షిప్పు పేరు సిల్వర్ హెరాన్..."

"కొలంబో, మూవ్!" చెవిలో చీఫ్ అరుపు.

లంగరు ఎత్తుతుండగా షిప్పెక్కారు శ్రీలంక టీమువాళ్లు. బ్యాంకాక్‌లో, దుబాయ్‌లో ముఠా స్థావరాల తలుపులు పగిలాయి.

"నేను అమ్మేశాననుకున్నారా సార్?" అంది జాయిస్ నీళ్లతో మొహం కడుక్కుంటూ.

"చీఫ్ అనుకున్నారు."

"మరి మీరు?"

"నేననుకుంటే ఇక్కడ టీ అమ్ముతూ తిరిగేవాణ్నా?"

ఆమె నవ్వబోయి గట్టిగా తుమ్మింది.

బేడీలతో జీపెక్కడానికి మొరాయిస్తున్న కిషోర్‌బాబు భుజం తట్టాడు సర్ఫరాజ్.

"రెండో తుమ్ము కూడా అయింది. ఇక నిశ్చింతగా బయల్దేరు."