ఏడంకెల వేలిముద్ర

షర్టు కాలరు మీద ఇస్త్రీపెట్టె సగం దూరం వెళ్లేసరికి ఫోన్ మోగింది.

"నత్తా, ఒంటరిగా ఉన్నావా?"

చీఫ్ గొంతు. ఆఫీసులో అందరికంటే నెమ్మదిగా, అందరికంటే తప్పుల్లేకుండా లెక్క కడుతుందని ఆమెకి ఆ కోడ్ నేమ్ పెట్టింది ఆయనే. ఊరందరికీ ఆమె అన్నావదినల ఇంట్లో ఉంటూ ట్యూషన్లు చెప్పుకునే అమ్మాయి.

"వదిన స్నానానికి వెళ్లింది. చెప్పండి సార్."

"కెమికల్ ప్లాంట్ రిపోర్టులో విదేశీ ముఠా చెయ్యి పెట్టిందని సమాచారం. నాలుగింటికి సేఫ్టీ టెస్ట్. పది నిమిషాలు కూలింగ్ పంపు ఆపుతారు. రెండు నీళ్ల ట్యాంకులు, మధ్యలో పైపులు. పది నిమిషాల తర్వాత 22.3184 శాతం నీళ్లు మిగులుతాయని రిపోర్టు. పదికి తగ్గితే రియాక్టర్ పేలుతుంది. ఉత్త అనుమానంతో ఆపించలేను. లెక్క కావాలి. వాచీ బటన్ ఒకసారి నొక్కితే క్షేమం. మూడుసార్లయితే ఆపించేస్తా."

టైమ్ మూడు ఇరవై.

ఆ ప్లాంట్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జి అన్నయ్యే. ఇవాళ సెలవు పెట్టమని వదిన పట్టుబట్టింది. తీరా తోటివాడికి జ్వరమొచ్చింది. పంటి డాక్టర్ దగ్గరికని వదినతో అబద్ధమాడి అన్నయ్య డ్యూటీకి పోయాడు. "మీ వదినకి చెప్పావో, నీ పని చెప్తా" అని నవ్వాడు కూడా.

అన్నయ్యకి కాలేజీలో బహుమతిగా వచ్చిన పాత ప్రోగ్రామబుల్ క్యాలిక్యులేటర్ ముందు పెట్టుకుంది. ఏడంకెలకి మించి గుర్తుపెట్టుకోని మిషన్ అది.

చీఫ్ ఫోన్లో చదివి రాయించిన, నీళ్లు తగ్గే వేగాల మాత్రిక చిన్నదే. పై వరసలో మైనస్ పది, నాలుగు. కింద ఏడు, మైనస్ పదమూడు. దాని ఎక్స్‌పొనెన్షియల్ కడితే పది నిమిషాల తర్వాతి నీటిమట్టం తెలుస్తుంది.

మొదట సిరీస్ పద్ధతి. మాత్రికను దానితోనే గుణిస్తూ, భాగిస్తూ, కూడుతూ పోవాలి. ఒకటి ప్లస్, తర్వాతిది మైనస్. అంకెలు లక్షలు దాటాయి. ఒకదాన్నొకటి మింగేసుకుని, చివరికి 22.3184 దగ్గర ఆగాయి.

రిపోర్టులో ఉన్నదే, చివరి అంకెతో సహా! గుండె కుదుటపడింది. వేలు బటన్ మీదికి వెళ్లింది. కానీ నత్త కదా, ఆగింది.

రెండో పద్ధతి. మాత్రికను అరవై నాలుగుతో భాగించి, చిన్నదాని మీద సిరీస్ కట్టి, వచ్చినదాన్ని వరసగా ఆరుసార్లు వర్గం చేసింది. పావు శాతం! మూడోది, ఐగెన్ విలువలు. మైనస్ ఆరు, మైనస్ పదిహేడు. మళ్లీ పావు శాతమే.

లక్షల్లోంచి లక్షలు తీసేస్తే, ఏడంకెల మిషన్ కత్తిరించి పారేసిన తోకల తప్పే మిగులుతుంది. ఆ ఇరవై రెండు నీళ్లు కాదు, చెత్త. పట్టుబడినా పొరపాటనిపించుకునేలా ఎవరో కావాలనే ఈ దారి పట్టారు. అయితే ఏ మిషన్ చెత్త ఆ మిషన్‌దే. ఎనిమిదంకెలదైతే ఇంకో సంఖ్య వచ్చేది. అంటే రిపోర్టు లెక్క కట్టింది ఇలాంటి మిషన్ మీదే. ఈ మోడల్ అమ్మకం ఆగిపోయి ఇరవై ఏళ్లు. అన్నయ్య దీన్ని ఆన్ చెయ్యడం కూడా మరిచిపోయాడు.

ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?

"ఏంటమ్మా మరదలా, షర్టు సగంలో వదిలేశావ్?"

సెంటు వాసన. వదిన. ప్లాంట్ డిజైన్ ఆఫీసులో అనలిస్టు, నడిస్తే వీధి వీధంతా తల తిప్పి చూసే మనిషి, ఆమెను రాసుకుంటూ కూర్చుంది. వాచీ ఉన్న మణికట్టును గట్టిగా పట్టుకుంది. రెండో చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన రంగు లేదు, సన్నటి తుపాకి గొట్టం ఉంది.

"ట్యూషన్ లెక్క వదినా..."

"ఆరుసార్లు వర్గం చేసే పిల్లలా? బాగానే చదువుతున్నారే!" వదిన నవ్వింది. "బెదరకు. మీ చీఫ్ లిస్టులో నేనూ ఉన్నాలే, ఇంకో కోడ్ నేమ్‌తో. ఆయనకీ తెలీని లిస్టు ఇంకొకటుంది, అందులోనూ ఉన్నా. నాలుగయ్యేదాకా కదలకుండా కూర్చో."

టైమ్ మూడు యాభై ఏడు.

"వదినా, అన్నయ్య పంటి డాక్టర్ దగ్గర లేడు."

"మరెక్కడున్నాడు?"

"ప్లాంట్‌లో. పంపు స్విచ్ దగ్గర."

"నాతోనా నీ నాటకాలు!"

"ఒట్టు వదినా. నీకు చెప్పొద్దన్నాడు. తిడతావని."

వదిన ఆమె మొహంలోకి చూసింది. వాచీలో సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తిచేసి రెండోది మొదలుపెట్టింది. వదలమని ఆమె అడగలేదు. మణికట్టు మీది వేళ్లు వాటంతటవే సడలాయి.

ఒకటి. రెండు. మూడు.

నాలుగూ రెండుకి ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కింది.

"ఏయ్ చిట్టీ! చెయ్యి స్విచ్ మీదుండగా టెస్ట్ ఆపేశారే! పైనుంచి ఆర్డరట. పెందలాడే వచ్చేస్తున్నా. మీ వదినకి చెప్పలేదు కదా?"

"లేదన్నయ్యా," అంది ఆమె.

వదిన లిప్‌స్టిక్‌కి మూత పెట్టి, మడత పెట్టని షర్టు పక్కన ఉంచింది. చెప్పులేసుకుంది. గ్యాసు, కుళాయి, గడియ అంటూ పది జాగ్రత్తలు చెప్పి, మూడుసార్లు వెళ్లొస్తానంటే గానీ గడప దాటని మనిషి, ఒక్క మాటైనా అనకుండా తలుపు దగ్గరికి లాగి మెట్లు దిగిపోయింది.