గోదాముల వెనక పచ్చ మచ్చ

గోదాముల వెనకున్న ఆ చెట్ల గుంపుకి మంచి పేరు లేదు. పగలు కూడా ఆ పక్కన ఎవరూ బండి ఆపరు. చీకటి పడ్డాక అక్కడ నేల మనిషిని మింగేస్తుందట. ఎవరిని మింగిందీ అని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పరు... మాట మార్చేస్తారు.

మా వదినకి ఇలాంటి కబుర్లంటే ఒళ్ళు మంట. ఆవిడది కళ్ళద్దాల షాపు. తన కళ్ళతో చూడందేదీ నమ్మే రకం కాదు. ఆవిడ నాతో చెప్పింది చెప్పినట్టే మీకు చెప్తున్నాను.

వదినకో పిచ్చి ఉంది. అందరూ కలిసి గీసే మ్యాపు ఒకటుంది చూశారూ — ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు — దాని ముందు కూర్చుంటే ఆవిడకి లోకం పట్టదు. ఆకాశం నుంచి తీసిన ఫోటోలు చూస్తూ, ఇది దానంతటది పెరిగిన అడవి, ఇది మనుషులు నాటిన తోపు, ఇవి ఉత్త పొదలు అని విడదీసి రంగులేసేది.

"తోపుని అడవి అంటే నీ సొమ్మేం పోయిందే?" అని మా అన్నయ్య ఏడిపించేవాడు.

"మిమ్మల్ని పట్టుకుని మీ తమ్ముడి పేరుతో పిలిస్తే ఊరుకుంటారా?" అనేది.

ఓ రోజు గోదాముల వెనక చెట్లని 'అడవి' అని గుర్తు పెట్టింది. ఫోటోలో సన్నటి గీత కనిపిస్తే కాలిబాట కూడా గీసింది. అటు పక్క వీధుల నుంచి బస్టాండుకి చక్కటి అడ్డదారి.

మర్నాడు చూస్తే అడవి లేదు. అక్కడ నీలం రంగు. 'నీళ్ళు' అని రాసుంది. దారి చెరిపేసి ఉంది. మార్చిన మనిషి పేరుండాల్సిన చోట ఒక్క చుక్క, అంతే. కింద ఒకే మాట —

"ఇవి చెట్లు కావు."

వదినకి మండింది. ఫోటోలో పచ్చగా కళ్ళకి కనిపిస్తుంటే చెట్లు కావంటాడేంటి? మళ్ళీ అడవి పెట్టింది. తెల్లారేసరికి మళ్ళీ నీళ్ళు.

"ఎవడో స్థలాల బ్రోకరు. ముందు మ్యాపులో చెట్లు మాయం చేస్తాడు, తర్వాత నేల మీద" అంది.

"నీళ్ళని చెప్పి స్థలం ఎవడమ్ముకుంటాడే?" అన్నాడు అన్నయ్య.

వదిన ఆయన వంక అదోలా చూసింది. "మీరేనా నన్ను ఆడిస్తోంది?"

ఆయన ఒట్టేసినా నమ్మలేదు. గోదాం వాచ్‌మన్ మీద అనుమానం. పక్క షాపాయన మీద అనుమానం. ఆఖరికి ఆడపడుచునని కూడా చూడకుండా నా ఫోన్ లాక్కుని వెతికింది.

ఓ సాయంత్రం షాపు మూస్తూ ఇంకోసారి అడవి పెట్టి, దారి గీసి, 'వెళ్ళి చూసొస్తే పోలా' అని ఒక్కతే బయల్దేరింది.

చెట్లలోకి వెళ్ళేసరికి వెలుగు పోయింది. ఫోన్ లైటు వేసుకుంది. కాలిబాట ఉంది, తను గీసినట్టే. 'చూశావా!' అనుకుంది. కొంచెం ముందుకెళ్ళాక చెట్లు పలచబడ్డాయి. ఎదురుగా చదునుగా, ఒత్తుగా పచ్చిక. దాని మీదుగా వెళ్ళిపోతే అవతలి గట్టు.

అడుగు వెయ్యబోతుంటే చేతిలో ఫోన్ అదిరింది. మ్యాపులో మెసేజ్. ఆ చుక్క...

"వెయ్యకండి."

అంటే — ఎవడో చూస్తున్నాడు!

"ఎవర్రా అది?" అంది, గొంతు తగ్గించి. ఎదుటి పొదలో దాక్కున్నాడనుకుని ఓ రాయి తీసి విసిరింది. రాయి అంతదూరం పోలేదు. మధ్యలో పచ్చిక మీద పడింది.

బుడుంగ్.

వదిన లైటు కిందికి తిప్పింది. పచ్చిక కాదు... నీళ్ళ మీద అల్లుకునే గుర్రపుడెక్క. దాని పక్కన గోడలా కోసిన రాయి, నిట్టనిలువుగా. ఎప్పుడో రాళ్ళు తవ్వి వదిలేసిన గుంత. నిండా నీళ్ళు.

అక్కడే చతికిలబడి ఆ చుక్కకి రాసింది. "నీళ్ళే. నాదే తప్పు. ఎవరండీ మీరు?"

వెంటనే జవాబు.

"అవతలి గట్టున ఇద్దరు వస్తున్నారు."

తలెత్తింది. ఎవరూ లేరు. చీకటి... ఆకుల చప్పుడు... ఇంతలో అవతల చెట్ల మధ్య నుంచి చిన్న వెలుగు. నవ్వులు. ఓ అబ్బాయీ అమ్మాయీ, ఫోన్‌లోకి చూసుకుంటూ నేరుగా నీళ్ళ వైపే వస్తున్నారు.

అరవబోయింది. నోరు తెరిచింది, గాలి తప్ప ఏం రాలేదు. వాళ్ళు వస్తూనే ఉన్నారు — ఇంకొంచెం... ఇంకొంచెం...

అంచు దగ్గర టక్కున ఆగిపోయారు.

తన లైటు చూసి ఆగారనుకుంది. చెయ్యి ఊపి, చుట్టూ తిరిగి రమ్మని సైగ చేసింది. ముగ్గురూ రోడ్డు మీద కలుసుకున్నారు. వీధి దీపం కింద ఆ అబ్బాయి మొహం పాలిపోయి ఉంది.

"మ్యాపులో దారుందండీ, అందుకే వచ్చాం" అన్నాడు.

వదిన అక్కడే నిలబడి తన చేత్తోనే దారి చెరిపేసింది. 'నీళ్ళు' అని పెట్టింది.

అమ్మాయి ఇంకా రొప్పుతూనే ఉంది. "మీ పక్కన నిలబడ్డావిడ అంత గట్టిగా అరవకపోతే మా పని అయిపోయేదండీ" అంటూ వదిన వెనక్కి, చెట్ల వైపు తొంగి చూసింది.

"ఆవిడేరి... రాలేదా?"