కాసులమ్మ గారి తలుపు

"మీ స్క్రీన్ సినిమా పోస్టర్‌లా ఉందండి. సూడ్డానికి బావుంది. మరి నొక్కేదెవరు?"

నిచ్చెన మీద నిలబడి వైర్లు కలుపుతున్న సుందర్ రాజ్ మిరియంతో అన్న మొదటి మాట అది. ఆమెకి ఒళ్లు మండింది.

"మీ వైర్లు మీరు చూసుకోండి. నొక్కడం సంగతి నేను చూసుకుంటాను."

"అలాగే మేడమ్. సాఫ్ట్‌వేర్ వాళ్లకి కోపం ముక్కు మీదే ఉంటాదన్నమాట!"

అది 2008 వానాకాలం. ద్వారకానగర్‌లో ఒక షాపు పైన రెండు గదుల కంపెనీ వాళ్లది. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, గుమ్మం తాళం అన్నీ గోడకున్న ఒక్క టచ్‌స్క్రీన్ మీంచి నడిపిస్తామని దాని ప్రకటన. తెర మీది బొమ్మలు, వాటి వెనకున్న ప్రోగ్రాం మిరియంవి. గోడలోని వైరింగ్ అంతా సుందర్‌ది.

వాళ్లకి దొరికిన మొదటి ఇల్లు ఎంవీపీ కాలనీలో అర్జునరావు గారిది. స్టీల్ ప్లాంట్‌లో ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. ఆయన భార్య కాసులమ్మకి చేతులు వణికే జబ్బు. తాళంచెవి తిప్పలేదు. ఆయన బయటికెళితే ఆవిడ ఆ ఇంట్లో బందీయే. ఆయన ఆ స్క్రీన్ పెట్టించుకుంటున్నది అందుకే.

ఆ ఇంట్లో పెట్టిన రెండు వారాల్లో మూడుసార్లు స్క్రీన్ పనిచెయ్యకుండా బిగుసుకుపోయింది. మిరియం సరిగ్గా పరీక్షించకుండానే, కోపంలో, 'వైరింగ్‌లో లోపం' అని మేనేజర్ రమణమూర్తికి మెయిల్ పెట్టేసింది. రమణమూర్తి సుందర్‌ని పిలిచాడు.

"శుక్రవారం అర్జునరావు గారింట్లో డెమో పోయిందా, శనివారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆ మాట గాజు తలుపు ఇవతలున్న మిరియంకి వినబడింది. బయటికొచ్చిన సుందర్ ఆమె వంక ఒక్క చూపు చూసి వెళ్లిపోయాడు. పోట్లాడి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి.

శుక్రవారం పొద్దున్నుంచీ ఒకటే వాన. డెమోకి వచ్చిన మిరియంని, సుందర్‌ని, రమణమూర్తిని అర్జునరావు గారు వరండాలోకి తీసుకొచ్చి తలుపు లాగేశారు. తాళం పడింది.

"తాళంచెవి లోపలే వదిలేశానండి. ఇప్పుడు మా ఆవిడే తియ్యాలి!"

కిటికీ ఊచల్లోంచి హాలు కనిపిస్తోంది. కాసులమ్మ స్క్రీన్ మీద వేలు పెట్టింది. వేలు వణికింది. తలుపులో టక్ టక్ టక్‌మని చప్పుడైంది. స్క్రీన్ తెల్లబడింది. తలుపు రాలేదు.

"ఏటిది? నన్ను సూసి భయపడిపోతన్నాదేటి!" అని ఆవిడ మళ్లీ మళ్లీ నొక్కింది.

అంతలో మాడు వాసన. అర్జునరావు గారి మొహం పాలిపోయింది. "స్టవ్ మీద పాలు పెట్టి వచ్చాను..."

పాలు పొంగి మంట ఆరిపోతే? గ్యాస్! ఆవిడ వణికే చేతులతో ఆ నాబ్ తిప్పలేదు. ఆయన రెండు చేతులతో తలుపు బాదడం మొదలుపెట్టారు.

మిరియం ఊచలు పట్టుకుని కాసులమ్మ వేలినే చూస్తోంది. ఇన్నాళ్లూ తన వేలితోనే పరీక్షించింది. ఈ చెయ్యి ఎలా తాకుతుందో ఒక్కసారైనా వచ్చి చూడలేదు. ఒక్క నొక్కు పది నొక్కులవుతోంది. తెరువు, మూయి, తెరువు, మూయి...

"అమ్మా, చెయ్యి తీసెయ్యండి! కిటికీ దగ్గరికి వచ్చెయ్యండి!" అని అరిచి ఇటు తిరిగింది. "సుందర్, మీ వైరింగ్‌లో ఏం లేదు. నా ప్రోగ్రామే ఆవిడ వణుకులన్నీ నొక్కులుగా లెక్కేసి, చెయ్యి తీసినా వరసపెట్టి చేస్తూనే ఉంది. తాళం తెరుచుకుంటుంది, వెంటనే పడిపోతుంది."

"తెరుసుకుని ఎంతసేపుంటాది?"

"అర సెకను."

"సాలు."

అతను తలుపుకి చెవి ఆనించి హ్యాండిల్ పట్టుకున్నాడు. టక్. తోశాడు, అందలేదు. టక్. మళ్లీ పడింది. మూడో టక్‌కి భుజంతో ఒక్క తోపు తోసి, సందులో వేళ్లు దూర్చేశాడు. తలుపు వచ్చింది. వంటింట్లోకి పరిగెత్తి స్టవ్ కట్టేసి, కిటికీలు తెరిచాడు. అతని వేళ్లు నెత్తురోడుతున్నాయి.

"చూశావా నీ వైరింగ్ నిర్వాకం!" అని రమణమూర్తి ఎగిరాడు.

"తప్పు నాదండి," అంది మిరియం. "చూడకుండా, తెలుసుకోకుండా ఆ మెయిల్ రాశాను. ఆయన పనిలో లోపం లేదు."

అర్జునరావు గారు గోడకేసి చెయ్యి చూపించారు. "ముందు దాన్ని పీకి పట్టుకుపొండి."

"ఉండనీండి," అంది కాసులమ్మ. "ఈ పిల్ల నా సెయ్యి ఇయ్యాలే కదా సూసింది."

వాళ్లు మాట్లాడుకుంటుండగానే సుందర్ పనిముట్ల సంచి భుజానేసుకుని వానలోకి దిగిపోయాడు. సోమవారం ఆఫీసుకి రాలేదు. రమణమూర్తి ఫోన్ చేస్తే, వేరే పని చూసుకుంటున్నానన్నాడట.

మిరియం రోజూ కాసులమ్మ పక్కనే కూర్చుంది. బొమ్మలన్నీ తీసేసి అరచెయ్యంత మీటలు పెట్టింది. వేలు కాసేపు ఆనితేనే లెక్క, ఎన్ని వణుకులైనా ఒక్క నొక్కే. గురువారం సాయంత్రం గొడుగు కూడా తీసుకోకుండా పూర్ణా మార్కెట్ వెనక సందులోకి వెళ్లి సుందర్ ఇంటి తలుపు కొట్టింది.

అతనే తీశాడు. వేళ్లకి కట్టు.

"కాసులమ్మ గారు ఇవాళ తనే తలుపు తీశారు. పదకొండుసార్లు. అర్జునరావు గారిని వానలో నిలబెట్టి మరీ."

సుందర్ నవ్వాపుకున్నాడు. "మంచిది. ఇది సెప్పమని రమణమూర్తి గారు పంపారా?"

"లేదు."

"అయితే ఏటి పని?"

"పనైతే ఫోన్ చేసేదాన్ని."

చూరు నీళ్లు ఆమె భుజం మీద పడుతున్నాయి.

"నా మీద కోపం పోలేదా?" అంది.

"అందరి ముందూ తప్పు నాదేనన్నారే, అప్పుడే పోయింది."

"మరి ఆఫీసుకి ఎందుకు రాలేదు?"

"వత్తే రోజూ మిమ్మల్ని సూడాలి. సూత్తే మనసులో మాట బయటికొచ్చేత్తాది. మీరు కాదంటే నాను తట్టుకోలేను."

"నన్ను అడక్కుండానే నా జవాబు మీరే చెప్పేసుకున్నారా?"

"అడిగితే?"

"అడిగి చూడండి."

అతను వేళ్ల కట్టు సర్దుకుంటూ నిలబడ్డాడు. లోపల్నుంచి తల్లి దీవెనమ్మ కేకేసింది.

"అడగరా ఎదవా! పిల్ల తడిసిపోతన్నాది!"

సుందర్ అడిగాడు. మిరియం చెప్పిన జవాబు వాన చప్పుడులో దీవెనమ్మకి వినబడలేదు. అయినా ఆవిడ అప్పటికే మూడో గ్లాసు కూడా కడిగి, టీకి నీళ్లు పడేసింది.