కింద పెట్టలేని కొమ్ము

దగ్గరికి జరగండి పిల్లలూ, ఆ టీ కాచే సమోవార్ కూడా ఇటు లాగండి. దరెజాన్ దొరసాని సంగతి గట్టిగా చెప్పుకునేది కాదు.

జార్జియా పాత రాజుల రక్తం ఆమెది. రష్యన్ ప్రిన్స్‌ని చేసుకుని పీటర్స్‌బర్గ్ వచ్చింది, తొందరగానే భర్త పోయాడు. ఆమె ఇంట విందంటే మంత్రులు సైతం పిలుపు కోసం కాచుకునేవారు. జర్మన్లతో యుద్ధం ముదిరిన ఆ చలికాలం, విందు తిని వెళ్ళిన మిలటరీ ఆఫీసర్లు ఇద్దరు తెల్లారేసరికి శవాలై కనిపించారు. వాళ్ళ దగ్గరి మ్యాపులు మాయం.

కల్నల్ వెరేసొవ్ తన సీక్రెట్ ఏజెంట్ జురబ్‌ను పిలిపించాడు.

"ఈ మిషన్ నీదే."

"ఇంకెవరినైనా పంపండి సార్. ఆమె, నేను మా అమ్మ పాలే తాగి పెరిగాం."

మా జార్జియావాళ్ళలో రాచబిడ్డల్ని దాది ఇంట్లోనే పెంచుతారు. పాలు పంచుకున్నవాళ్ళు తోడబుట్టినవాళ్ళ కన్నా ఎక్కువ.

"ఆమెను చూసి ఎన్నాళ్ళయింది?"

"ఇరవై ఏళ్ళు."

"ఇంకేం, గుర్తుపట్టదు. గడ్డం పెట్టుకో."

జార్జియాలోని టిఫ్లిస్ నుంచి వచ్చిన సారా వర్తకుడి వేషం, సిగరెట్ పెట్టె అడుగున ఓ ఈల. ఊదితే వీధిలో కాపున్న మనుషులు లోపలికొస్తారు. తమ్ముడిగా తొక్కాల్సిన గడప దొంగగడ్డంతో తొక్కుతున్నందుకు జురబ్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు.

బల్లకి అవతల లుండ్‌క్విస్ట్. స్వీడన్ కలప వ్యాపారినంటాడు గానీ, జర్మన్ గూఢచారి ముఠాకి నాయకుడు వాడే. దొరసాని చెవిలో గొణిగాడు.

"ఆ గడ్డంవాడు కల్నల్ మనిషి. మీ ఉంగరానికి పని పడింది."

"ఇద్దర్ని మింగారుగా, చాలదా?"

"యుద్ధంలో పట్టుబడ్డ మీ అబ్బాయి నికా మా జైల్లో దగ్గుతున్నాడు ప్రిన్సెస్. ఇంటికి రావద్దూ?"

దొరసాని లేచి, మా విందుల్లో గ్లాసులా వాడే పొట్టేలు కొమ్ము నిండా ద్రాక్షసారా పోసింది. ఉంగరం మీది పచ్చరాయి ఇలా తిప్పితే చాలు, పొడి రాలింది. కొమ్ముకి అడుగుండదు కదా, చేతికందాక ఖాళీ చేసే దించాలి.

"ఎవరి పేరు మీద తాగుతారు వర్తకుడుగారూ?" కొమ్ము అతనికి అందిస్తూ నవ్వుతూనే అడిగింది.

జురబ్ రొట్టెముక్క తుంచి, దాని మీద రెండు చుక్కలు వంచాడు. పోయినవాళ్ళకి మేం చేసేదే. అబద్ధం పేరు చెప్పాలని నేర్చుకునే వచ్చాడు. కానీ ఆ ఇంట్లో, ఆమె ముందు, నోరు రాలేదు.

"మా అమ్మ, పెపేలో పేరు మీద."

దొరసాని ముఖంలో నెత్తురు చుక్క లేదు. తనకు పాలిచ్చిన తల్లి పేరది! కొమ్ము అప్పటికే అతని పెదాలకి ఆనింది.

"అలావెర్ది!" అని ఒక్క అరుపు అరిచింది. "లుండ్‌క్విస్ట్‌గారికి అలావెర్ది!"

అంటే ఆ కొమ్ము ఇక ఆయనది. ఆయనే తాగాలి. కాదంటే పోయినవాళ్ళని అవమానించినట్టే.

"నాకు... కడుపులో బాగాలేదు."

"చచ్చిన తల్లి పేరు మీద తాగవేంరా, కొయ్యల కొట్టోడా!" ఓ ముసలి ప్రిన్స్ మీసం దువ్వి లేచాడు. బల్లంతా లేచింది. లుండ్‌క్విస్ట్ తన చేతికొచ్చిన కొమ్మును కింద పెట్టబోతే అది దొర్లి, సారా వొలికి, తెల్లగుడ్డ మీద పొగలాంటి మరక పడింది. వాడు తలుపు వైపు ఉరికాడు. ఈల మోగింది, కాపున్నవాళ్ళు వాణ్ణి గుమ్మంలోనే పట్టేశారు.

అందరూ వెళ్ళాక జురబ్ నెమ్మదిగా అన్నాడు. "వెనక గుమ్మం తీసే ఉందక్కా."

"ఆ ఇద్దరి తల్లులకీ ఏ గుమ్మం తీస్తావురా?"

"మరి నికా?"

"ఇక రాడు. వాళ్ళ బిడ్డల్ని చంపి నా బిడ్డను తెచ్చుకుందామనుకున్నాను." శాలువా కప్పుకుంది. "పద, కల్నల్ దగ్గరికి. ముందా గడ్డం పీకెయ్, పైనుంచి అమ్మ చూస్తే నవ్వుతుంది."

లుండ్‌క్విస్ట్ పెట్టెలో బోలెడు పాస్‌పోర్టులు, విగ్గులు, కోడ్ పుస్తకాలు దొరికాయి. అన్నీ నేర్పి పంపారు పాపం, మా పంక్తిలో కూర్చోవడం తప్ప.

ఈ కథ గుర్తుంచుకోండి, మీ పిల్లలకీ చెప్పండి. తమ్ముణ్ణి కాపాడిందని మాత్రం ఆపెయ్యకండి. ఆ ఇద్దరి సంగతీ చెప్పండి. జైలు నుంచి వచ్చాక ఆమె బతికున్నన్నాళ్ళూ ప్రతి విందులో వాళ్ళ పేరు మీద రెండు రొట్టెముక్కలు సారాతో తడిపేది.