మజ్జిగ పోసిన యాపిల్ అట్లు

తలుపు తెరిచిన సుధామయి ముందు ప్రజ్వల్‌ని చూసింది. తర్వాత అతని భుజం మీదున్న యాపిల్ సంచిని చూసింది. తర్వాత తలుపు మూసేసింది.

ప్రజ్వల్ మళ్ళీ బెల్ కొట్టాడు. తనుండే మార్కమ్ నుంచి సుధామయి ఉండే స్కార్‌బరోకి వానలో బస్సుల మీద బస్సులు మారి వచ్చాడతను. శనివారం బస్సులు ఎంత నెమ్మదంటే, ఎక్కినప్పుడు కాయలుగా ఉన్న యాపిల్స్ దిగేసరికి పండాయి.

"ఏం కావాలండీ మీకు?" తలుపు సందులోంచి అడిగింది సుధామయి.

ఆమెది కాకినాడ. కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. ఆఫీసులో మామూలుగా "నువ్వు" అంటుంది. "మీరు" అందంటే కాస్త దూరం జరగాలి. "అండీ" కూడా చేరిందంటే బిల్డింగ్ ఖాళీ చేయించడం మంచిది.

"నీ కిచెన్ కావాలె," అన్నాడు ప్రజ్వల్. అతనిది హనుమకొండ. "నువ్వు పెట్టిన మంట. నీ స్టవ్ మీదనే ఆరాలె."

ఆ మంట సోమవారం మీటింగులో అంటుకుంది. వాళ్ళ మేనేజర్ లినాస్‌ది లిథువేనియా నుంచి వచ్చిన కుటుంబం. భుజానికి ఆపరేషన్ అయ్యాక వాళ్ళమ్మ ఆల్డొనా యాపిల్ పాన్‌కేకులు చేయడం మానేసిందని, ఆ రుచే మర్చిపోయానని మాటల్లో అన్నాడు. వెంటనే సుధామయి ముఖంలో ఒక్క గీత కదలకుండా, "ప్రజ్వల్ ఇంట్లో అవే చేస్తాడు. అచ్చం మీ పాత పద్ధతిలో," అంది.

కాదనడానికి ఒక్క సెకను చాలు. ఆ సెకనులో ప్రజ్వల్, "ప్రతి శనివారం," అన్నాడు. ఏడిపించడంలో ఇంకొకరిది పైచేయి కావడం అతని ఒంటికి పడదు.

"అయితే ఈ శనివారం అమ్మని తీసుకొస్తా," అన్నాడు లినాస్.

ప్రజ్వల్ కాంట్రాక్ట్ ఈ నెలాఖరుతో అయిపోతుంది. పొడిగించాల్సింది లినాసే. పొడిగించకపోతే ఈ దేశంలో స్థిరపడేందుకు పెట్టిన పీఆర్ అప్లికేషన్ అక్కడే ఆగిపోతుంది. ఇక అతనుండే బేస్‌మెంట్‌లో మైక్రోవేవ్ తప్ప మరో నిప్పు లేదు. అందుకని లినాస్‌కి సుధామయి ఉంటున్న వాళ్ళ పిన్ని ఇంటి అడ్రస్ ఇచ్చాడు. ఈ సంగతి సుధామయికి ఇప్పుడే, గుమ్మంలో, చెప్పాడు.

"మా అడ్రస్ ఇచ్చారా?" ఆమె గొంతు చాలా మెత్తగా ఉంది. "చాలా సంతోషమండీ."

లోపల్నుంచి సరోజన పిన్ని వచ్చింది. ఇంటికి మనుషులొస్తున్నారంటే ఫైర్ అలారం మోగుతున్నా ఆగి కాఫీ కలిపే మనిషి ఆవిడ.

"పెద్దావిడ వస్తోందంటే గుమ్మంలో గొడవేంటే? లోపలికి రా బాబూ. కాకపోతే ఈరోజు శనివారం, వెంకన్న పూజ. మా వంటింట్లోకి గుడ్డు రాదు. ఏది వండినా ముందు స్వామికి నైవేద్యం. అప్పటిదాకా ఎవరూ రుచి చూడకూడదు."

"స్వామికి లిథువేనియా పాన్‌కేకులా పిన్నీ?"

"ఆయన దగ్గరికి అన్ని దేశాలవాళ్ళూ వస్తారు. ఆయనకేం కొత్త? అట్లే కదా."

వంటింట్లో యుద్ధం పద్ధతిగా మొదలైంది. సుధామయి పిండి జల్లిస్తోంది. ప్రజ్వల్ యాపిల్స్ తురుముతున్నాడు. యాపిల్ కంటే వేలే ఎక్కువ తురుముతున్నాడు. ఫోన్ వీడియోలో ఒకావిడ పిండిలో కెఫీర్ పోస్తోంది. కెఫీర్ అంటే పులిసిన పాలే కాబట్టి మజ్జిగ పోస్తే సరిపోతుందని పిన్ని తీర్పు చెప్పి పూజకి వెళ్ళిపోయింది.

"నిజం చెప్పు," అన్నాడు ప్రజ్వల్. "నా మీద ఇంత పగ ఎందుకు? బర్త్‌డే సంగతేనా? అది జోక్."

జోక్ ఏమిటంటే, పోయిన నెల సుధామయి పుట్టినరోజు నాడు అతను ఆఫీసుకి అందరికంటే ముందు వెళ్ళి, "మా తెలుగువాళ్ళ ఆచారం ప్రకారం పుట్టినరోజు మనిషిని మధ్యాహ్నం పన్నెండు దాకా పలకరించకూడదు. కళ్ళలోకి చూడటం కూడా తప్పే," అని ఒక్కొక్కరికీ చెప్పాడు. ఆఫీసువాళ్ళు ఇతరుల ఆచారాల్ని గౌరవించడంలో చాలా గట్టివాళ్ళు. లినాస్ అయితే లిఫ్టులో ఆమెని చూసి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

సుధామయి జల్లెడ కింద పెట్టింది.

"ఇంటికి దూరంగా అది నా మొదటి పుట్టినరోజండీ. ఒక్కరూ మాట్లాడరు. ఉద్యోగం తీసేశారేమో, అందరికీ తెలిసి నాకొక్కదానికే తెలీదేమో అనుకున్నాను. అమ్మ వీడియో కాల్ చేస్తే మెట్ల దగ్గరికెళ్ళి కూర్చుని, కేక్ కోశానమ్మా, అందరూ లోపలున్నారు అని చెప్పాను. పన్నెండింటికి మీరు నవ్వుకుంటూ కేక్ పట్టుకొచ్చారు."

ప్రజ్వల్ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఈసారైనా ఊరుకోవచ్చు. కానీ అతను ఊరుకోలేదు.

"అందుకే గదా కేక్ తెచ్చిన," అన్నాడు.

సుధామయి ఫ్రిజ్ తెరిచింది. లోపల రెండు జగ్గులున్నాయి. ఒకటి ఉత్త మజ్జిగ. రెండోది పిన్ని పూజయ్యాక తాగడానికి ఉంచుకున్నది. పచ్చిమిర్చి, అల్లం, ఉప్పు, కరివేపాకు నూరి కలిపి, వడకట్టిన మజ్జిగ. చూడ్డానికి రెండూ ఒకటే. తేడా ఆమెకి బాగా తెలుసు. రెండోదే తీసి, ప్రజ్వల్ సింక్ దగ్గర వేలు కడుక్కుంటుంటే, పిండిలో మొత్తం పోసింది.

పాన్‌కేకులు బంగారు రంగులో వచ్చాయి. వెన్న, దాల్చినచెక్క వాసనకి మిర్చి సంగతి ఎవరికీ తెలిసే వీల్లేదు. ప్రజ్వల్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా కట్టు కట్టిన వేలితో ప్లేట్లు తుడుస్తున్నాడు. అతను మాట్లాడితే కోపం నిలబెట్టుకోవడం తేలిక. మాట్లాడకుండా ప్లేట్లు తుడిచే మనిషి మీద ఎంతసేపని నిలబెడుతుంది? అతని పీఆర్ గుర్తొచ్చింది. ఇవి పారేసి మళ్ళీ చేద్దామనుకుంది.

అప్పుడే బెల్ మోగింది. లినాస్ అరగంట ముందే వచ్చేశాడు. ఈలోపు పిన్ని పళ్ళెం పట్టుకెళ్ళి స్వామికి చూపించేసింది. స్వామి ఏమీ అనలేదు. ఆయన ఎవరి గుట్టూ బయటపెట్టరు.

"పిన్నీ, అవి వద్దు, మళ్ళీ పోస్తాను."

"నైవేద్యం పెట్టినవి వద్దంటే కళ్ళు పోతాయి," అంటూ పిన్ని వాటిని తిన్నగా టేబుల్ మీద పెట్టింది.

ఆల్డొనా పొడుగ్గా, నిటారుగా ఉంది. నవ్వడం ఆవిడకి డాక్టర్ మానిపించినట్టుంది. ఫోర్కు తీసుకుంటుంటే ప్రజ్వల్ లేచి నిలబడ్డాడు.

"సర్, తినేముందు ఒక మాట. సోమవారం నేను చెప్పింది అబద్ధం. నాకు ఇవి చేసుడు రాదు. అన్నీ సుధామయే చేసింది. మొత్తం క్రెడిట్ ఆమెదే."

జీవితంలో అతను ఇష్టపడి చెప్పిన మొదటి నిజం అదే. దానికి ఇంతకంటే దరిద్రమైన ముహూర్తం పంచాంగంలో దొరకదు.

ఆల్డొనా ఒక ముక్క కొరికింది. నమలడం ఆగింది. ఫోర్కు కింద పెట్టింది. లినాస్ కొరికి, నీళ్ళ గ్లాసు తనదీ తాగి పక్కవాళ్ళదీ తాగాడు. ప్రజ్వల్ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. హనుమకొండ నాలుకకి మిర్చిని పట్టెయ్యడానికి అది చాలు. తలెత్తి సుధామయిని చూశాడు. ఆమె ముఖం మైదాపిండిలా ఉంది.

"మిర్చి నేనే కలిపిన సర్," అన్నాడు. "ప్రాంక్."

"ఎవరండీ కలిపింది?" సుధామయి లేచింది. "వంట నాది, కోపం నాది, మజ్జిగ పోసింది నేను. మధ్యలో మీకేం సంబంధం?"

"ఊకో. నేను చూసుకుంట."

"ఊరుకోను. నా పుట్టినరోజు ఎలాగూ పాడుచేశారు. ఇప్పుడు నా పగ కూడా మీరే కొట్టేస్తారా?"

"నీ జాబ్ గూడ పోతది, నీకు అర్థమైతలేదు."

"పోనివ్వండి. కలిపింది నేను."

"నేను."

పక్క అపార్ట్‌మెంట్‌వాళ్ళు గోడ మీద కొట్టారు. అంతా తెలుగులోనే నడుస్తుండటంతో, గొడవేంటని ఆల్డొనా ఇంగ్లీషులో పిన్నిని అడిగింది. పిన్ని అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది, సుధామయి ఎప్పుడో చెప్పిన పుట్టినరోజు ఆచారంతో సహా.

"అది కూడా అబద్ధమా?" లినాస్ ప్రజ్వల్ వైపు తిరిగాడు. "మా వీధిలో ఒక తెలుగాయన పుట్టినరోజుకి పిలిచాడు. పన్నెండు దాకా ఆయన గార్డెన్‌లో మూగగా నిలబడ్డాను."

ఆల్డొనా చెయ్యెత్తి కొడుకుని ఆపింది. "నేను నలుగురు పిల్లల్ని పెంచాను. నేను కాదు, నేను కాదు అని కొట్టుకోవడమే విన్నాను. నేనే, నేనే అని కొట్టుకోవడం ఇప్పుడే వింటున్నాను." తర్వాత ప్లేటు దూరంగా తోసింది. "కానీ ఇది పాన్‌కేక్ కాదు. ఇది నేరం."

లేచి తిన్నగా వంటింట్లోకి నడిచింది. గుడ్లేవని అడిగింది. శనివారం అంది పిన్ని. ఇద్దరూ రెండు ప్రభుత్వాల్లా ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి ఆల్డొనా ఇంకాస్త పెరుగు అడిగింది. కోళ్ళు గుడ్లు పెట్టని చలికాలంలో వాళ్ళమ్మ కూడా అలాగే చేసేదట. తర్వాత తప్పు చేసిన ఇద్దరికీ చెరో తురుముపీట ఇచ్చి, యాపిల్స్ ముందు నిలబెట్టింది.

లినాస్ వంటింటి గుమ్మంలో ఆగాడు. "ప్రజ్వల్, ఉద్యోగం పోతుందని తెలిసీ పక్కవాళ్ళ తప్పు నెత్తిన వేసుకునే మనిషి నా టీమ్‌లో ఉంటే నాకు భయం లేదు. పేపర్లు సోమవారం పంపిస్తా." సుధామయి వైపు చూశాడు. "తలా ఒక వంటకం తెచ్చే ఆఫీస్ పాట్‌లక్‌కి నువ్వు మాత్రం ప్లేట్లు తెస్తే చాలు."

బాల్కనీ అద్దం మీద వాన జారుతోంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తురుముతున్నారు.

"సారీ," అన్నాడు ప్రజ్వల్. "నువ్వు మెట్ల దగ్గర కూసున్నవని నాకు తెల్వదు."

"తురమండి."

"అందరినీ ఎందుకు ఆపిన్నో తెలుసా? ఫస్ట్ నేనే విష్ చెయ్యాలని. కేక్ షాపు పదకొండింటిదాంక తియ్యరు. నేను కేక్ తెచ్చేలోపల వేరేటోళ్ళు చెప్తే ఎట్ల?" తురుముపీట వైపే చూస్తూ అన్నాడు. "నువ్వంటే నాకు ఇష్టం సుధా."

ఆమె చెయ్యి ఆగింది. తలెత్తి గోడ గడియారం చూసింది.

"ఇంకా పన్నెండవలేదండీ. మీ ఆచారం ప్రకారం ఇప్పుడు పలకరించకూడదు."

ప్రజ్వల్ నోరు మూసుకున్నాడు. పుట్టాక అతను మెలకువలో అంతసేపు ఊరుకోవడం అదే మొదలు. వెనక దాల్చినచెక్క ఎంత వెయ్యాలన్న దాని మీద పిన్నీ ఆల్డొనా చెరో భాషలో గట్టిగా వాదించుకుంటున్నారు. పెనం మీద వెన్న చిటపటలాడింది. తురుము గిన్నె నిండి, పొంగి, పక్కకి జారింది. అతను తలెత్తలేదు.

గడియారం ముళ్ళు రెండూ కలిశాయి. సుధామయి గిన్నె పక్కకి జరిపింది.

"ఇందాక ఏదో అన్నావు," అంది. "మళ్ళీ చెప్పు."