ప్రేమమ్మ పెంచిన కొండగడ్డి

తెల్లవారి ప్రేమమ్మ జొన్నపిండి కలుపుతుంటే, తల్లి విశ్వాసమ్మ పొయ్యి ఊదుతోంది. తండ్రి ఏసేపు అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. అన్న లేవి అప్పటికే మిషను బంగళాకు పనికి పోయాడు. అంతలో బంగళాలో కసువు ఊడ్చే కృపమణి వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఏమే ప్రేమా, గడ్డికి నీళ్లు పోసి కుళ్లబెట్టింది నువ్వేనంట కదా? నిన్న సాయంత్రం దొరసానమ్మ ముందర మీ నాయన చెప్పినాడు. ఆయమ్మ ఒకటే కోపం. నిన్ను తోటలో అడుగు పెట్టనీయొద్దనింది."

ప్రేమమ్మ చేతిలోని పిండిముద్ద పళ్లెంలోకి జారింది. అరుగు మీద వేపపుల్ల నమిలే చప్పుడు ఆగిపోయింది.

కోయిలకుంట్ల దగ్గరి ఆ బంగళాలో ఏసేపు పాతికేళ్లు తోటమాలిగా చేశాడు. నల్లరేగడి నేల, మండే ఎండలు. దొరసాని ఎన్నిసార్లు గులాబీలు పెట్టించినా వేసవికి మాడిపోయేవి. పెళ్లయిన రెండేళ్లకే మొగుణ్ణి కలరాకు పోగొట్టుకుని పుట్టింటికి చేరిన ప్రేమమ్మ, ఒకసారి కట్టెల కోసం అహోబిలం కొండల వైపు పోయినప్పుడు, రాతిసందుల్లో రాగిరంగు కుచ్చులతో ఊగుతున్న గడ్డిని చూసింది. నాలుగు దుబ్బులు పెళ్లగించి మూటకట్టుకొచ్చింది. రేగడిలో నీరు నిలుస్తుందని గరుసుమట్టితో మెరకలు పోసి వాటి మీద నాటింది. వేరు పట్టేదాకా నెలరోజులు నీళ్లు పోసి, ఆ తర్వాత మానేసింది. తొలకరి ముందు జానెడు ఎత్తు ఉంచి కోసేది. మూడేళ్లకోసారి దుబ్బును తవ్వి, నడుమ ఎండిన భాగం పారేసి, చుట్టూ ఉన్న పచ్చి పిలకలను విడివిడిగా నాటేది. బంగళా బాటకు రెండు పక్కలా ముప్పై ఆరు దుబ్బులయ్యాయి. కార్తీకంలో అవి కుచ్చులు వేస్తే, దారిన పోయే బండ్లు కూడా ఆగేవి.

ఏసేపు కళ్లకు పొరలు కమ్మి నాలుగేళ్లయింది. ఆ సంగతి దొరసానికి తెలియనీయలేదు. ఆమె వస్తుంటే ప్రేమమ్మ చిన్నగా దగ్గేది. ఏసేపు లేచి నిలబడి, "ఆ పక్కది కొయ్యి బిడ్డా" అని పురమాయించేవాడు. "ఏసేపు చేతిలో ఏదో మహిమ ఉంది" అని దొరసాని మెచ్చుకుంటే చేతులు జోడించేవాడు. తండ్రి పని నిలబడితే చాలనుకుని ప్రేమమ్మ ఆ మాటలన్నీ మింగింది.

ఈ చైత్రంలో పత్తి మిల్లులో పని పోయి లేవి పెళ్లాం బిడ్డలతో ఇంటికి వచ్చాడు. ఏసేపు తన పని కొడుక్కు ఇప్పించాడు. "ఇంక నువ్వు ఇంటిపట్టున ఉండు" అని కూతురితో అన్నాడు. అదీ మింగింది. కానీ ఈ పొద్దు విన్న మాట గొంతు దిగలేదు.

"నాయనా, నేను నీళ్లు పోసినానా?"

ఏసేపు మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఏదో ఆ పొద్దుకు నోటికి వచ్చింది చెప్పినా. మీ అన్న పని పోకూడదు కదా. ఇద్దరు బిడ్డల తండ్రి. వాడు యాడికి పోతాడు? నీకేముండాది, ఇంట్లో ఉండేదానివి."

"నాకేముండాదా? నాకు ఉండేది ఆ గడ్డి ఒకటే నాయనా! బాగుంటే నీ చేతి మహిమ, చెడిపోతే నా పాపమా?"

"మెల్లగా మాట్లాడే, ఇరుగుపొరుగు వింటారు" అంది విశ్వాసమ్మ.

"విననీ! నాలుగేండ్లు నేను మెల్లగానే మాట్లాడినా. దగ్గడం కూడా మెల్లగానే దగ్గినా!"

ప్రేమమ్మ పిండిచేతుల్తోనే తండ్రి రెక్క పట్టుకుంది. "లే. వచ్చి నీ చేత్తోనే చూడు." వద్దంటున్నా వినకుండా బంగళా దాకా నడిపించింది. విశ్వాసమ్మ, కృపమణి వెనకే పరుగెత్తారు.

బంగళా బాట పక్కన ఎద్దులబండి మీద పీపాయి ఉంది. లేవి కుందూ ఏటి నుంచి తెచ్చిన నీళ్లను కడవతో పోస్తున్నాడు. చెల్లెలిని చూసి కడవ దించాడు.

"ఎండలకు తెల్లగా ఎండిపోయినట్ల ఉండె. చచ్చిపోతాయేమోనని పోసినా" అన్నాడు లేవి నీరసంగా.

"ఎండాకాలం అట్లనే ఉంటాదని, నీళ్లు పొయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పినా నీకు? ఆడదాని మాట వింటే తల కొట్టేసినట్లుంటాదా? మెరకలు చదును చేసి పాదులు గూడా కట్టినావు!"

ఆమె తండ్రిని కూర్చోబెట్టి, అతని చేతిని దుబ్బు మొదట్లో పెట్టింది. ఏసేపు పట్టుకుని లాగీ లాగకముందే పిడికెడు గడ్డి ఊడి వచ్చింది. జిగటగా, మురికిగుంట వాసన. పక్కదాని మీద చెయ్యి వేశాడు. అదీ ఊడింది. మోకాళ్ల మీద పాక్కుంటూ మూడోదాని దగ్గరికి పోయాడు.

"రెండో మూడో పోయినాయన్నావు కదరా" అన్నాడు కొడుకు వైపు తిరిగి.

"ఇరవై పోయినాయి" అంది ప్రేమమ్మ, బాట పొడవునా లెక్కపెట్టి. "నేను బిడ్డను కనలేదు నాయనా. వీటినే సాకినా. వీటిని నేనే చంపినానని చెప్పడానికి నీకు నోరెట్ల వచ్చింది?"

అరుపులకు దొరసాని వరండాలోకి వచ్చింది. "మళ్లీ ఈమె ఎందుకు వచ్చింది ఏసేపూ?" అంది.

ఏసేపు లేచి నిలబడ్డాడు. ఆమె ఎక్కడుందో సరిగ్గా తెలియక స్తంభం వైపు తిరిగి చేతులు జోడించాడు. "దొరసానమ్మా, నా కండ్లు పోయి నాలుగేండ్లయింది. ఈ గడ్డి తెచ్చింది, పెంచింది నా బిడ్డ. నీళ్లు పోసింది నా కొడుకు. అబద్ధాలు చెప్పింది నేను."

లేవి తల వంచుకున్నాడు. దొరసాని మొహం ఎర్రబడింది. "నాలుగేళ్లు నన్ను మోసం చేశావా?" అంది. ఏసేపు జోడించిన చేతులు దించలేదు. ఆమె పొరలు కమ్మిన అతని కళ్లను చూసి, మెట్లు దిగి ప్రేమమ్మ దగ్గరికి వచ్చింది.

"మిగిలినవి బతుకుతాయా?"

"పదహారు బతుకుతాయి. వానకు ముందే చీల్చి నాటితే మళ్లీ బాట నిండుతాది. కానీ నేను తప్ప కడవ ఎవరూ ముట్టుకోగూడదు."

"అయితే తోట నీది. లేవి కంచె పని, బండి పని చూసుకుంటాడు."

దొరసాని లోపలికి పోయింది. లేవి కడవను బండిలో పెట్టి, మెరకలకు గరుసు తెస్తానని ఎడ్లను తోలుకుపోయాడు. ప్రేమమ్మకు సంతోషం రాలేదు. తండ్రితో పలకకుండా గడ్డపార తీసుకుని బతికిన దుబ్బును తవ్వి చీల్చసాగింది. ప్రతి పోటులో ఆమె కోపం వినబడుతూనే ఉంది.

ఏసేపు తడుముకుంటూ వచ్చి, ఆమె చీల్చి పడేసిన ఒక పిలకను చేతిలోకి తీసుకున్నాడు. చేత్తోనే గుంత చేశాడు. అందులో పెట్టబోయి ఆగాడు.

"ఎంత లోతు పెట్టల్ల బిడ్డా?"

పాతికేళ్లు తోటమాలిగా చేసిన మనిషి అడిగిన ప్రశ్న అది. ప్రేమమ్మ గడ్డపార నేలకు ఆనించి, చెంగుతో మొహం తుడుచుకుంది. ఎంత తుడిచినా కన్నీళ్లు ఆగలేదు.

"వేరు మునిగితే చాలు నాయనా. మొదలు పైకి ఉండల్ల" అంది చివరికి. అతని పక్కనే కూర్చుని, అతని చేతి మీద చెయ్యి వేసి పిలకను కాస్త పైకి లేపింది.